పాత సిస్టమ్ తుడిచేసిన అక్క

డెబ్బైల చివర్లో శేరిలింగంపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో నేను కొత్తగా చేరాను. అక్కడి సీనియర్ ఆపరేటర్‌ని అందరం అక్క అనేవాళ్లం. బోరబండ నుంచి వచ్చేది. ఏ పనికైనా "అయిపోతది" అని ఆమె నోట వినలేదు. కొంగు నడుముకి దోపుకుని, "చూసి చెప్త" అనేది.

మా మెషీనుకి రెండు డిస్కులు. మొదటిదాంట్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. రెండోదాంట్లో పాతది చోటంతా ఆక్రమించుకుని ఉంది.

"ఇంకా ఎందుకండీ అది? ఇవాళే తుడిచేయండి," అన్నారు గుంటూరు నుంచి వచ్చిన మా ఆఫీసరు.

"తుడుస్త సార్. జర ఆగుండ్రి. రెండో డిస్కు బయటికి తీస్త, మెషీను లేస్తదో లేదో చూద్దాం."

"నా మాట మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సార్. మెషీను మీదనే లేదు."

డిస్కు తీసి స్విచ్ వేసింది. మెషీను లేవలేదు. దాన్ని లేపే చిన్న ప్రోగ్రాం ఇంకా పాత డిస్కులోనే ఉంది. తుడిచేసి ఉంటే ఫ్యాక్టరీ పనంతా ఆగిపోయేది. అక్క ఆఫీసరు వైపు చూడలేదు. డిస్కు మళ్లీ పెట్టి, మాన్యువల్ ముందేసుకుని, అన్నం కూడా తినకుండా సాయంత్రం దాకా కూర్చుని, ఆ ప్రోగ్రాంని మొదటి డిస్కులోకి మార్చింది. ఈసారి మెషీను ఒక్క డిస్కుతోనే లేచింది. అప్పుడు పాత సిస్టమ్‌ని పూర్తిగా తుడిచేసింది.

"ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా అండీ?" అన్నారు ఆఫీసరు మెల్లగా.

"తెల్వదు సార్," అంది అక్క. "తెల్వదన్న సంగతొక్కటే తెలుసు."