గ్యారీకి నేనిచ్చిన రిటైర్మెంట్

నేను మేనేజర్ని కాను, హెచ్ఆర్‌లో అసలే లేను. అయినా మా ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషిని ఒకే ఒక్క వాక్యంతో ఇంటికి పంపించేశాను. ఎలాగో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

మాది అమెరికాలో, నోవై అనే ఊళ్లో కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు. ఆ ఏడాది రివ్యూలో మా మేనేజర్ లిండా, నా ఈమెయిల్స్‌లో అసలు విషయం ఎక్కడుందో కనుక్కోవడానికి విడిగా ఒక మీటింగ్ పెట్టుకోవాల్సొస్తోందని చెప్పింది. ఎక్కడైనా రాయడం నేర్చుకోమంది. సరే అని శనివారాలు కమ్యూనిటీ కాలేజీలో జర్నలిజం క్లాసులో చేరాను.

అక్కడ పాఠం చెప్పే పెద్దాయన ఒకప్పుడు పేపర్లో రిపోర్టరు. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే రావాలన్నాడు. ప్రశ్న అడిగి నోరు మూసుకుంటే, ఆ నిశ్శబ్దం భరించలేక అవతలివాళ్లే అసలు మాట కక్కేస్తారన్నాడు. విన్నదాన్ని మళ్లీ అడిగి ఖాయం చేసుకోవాలని కూడా అన్నాట్ట. ఆ మూడోది చెప్తున్నప్పుడు నేను మొదటి రెండింటి కిందా ఎర్ర గీతలు గీసుకుంటున్నాను.

రెండు క్లాసులకే నాకు రిపోర్టర్ పూనాడు. ఆఫీసు న్యూస్‌లెటర్‌కి ఏదైనా రాస్తానని లిండా వెంటపడ్డాను. టెస్టింగ్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుగా ఉన్న గ్యారీ గురించి రాయమంది.

గ్యారీ నెమ్మదైన మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన ఎదురుగా కూర్చుని ఇన్నేళ్ల సర్వీసు గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇకముందు సంగతేమిటని అడిగి, నోరు మూసుకున్నాను. ఆయన పార్కింగ్‌లో కురుస్తున్న మంచు చూశాడు. గోడ మీది టీమ్ ఫోటో చూశాడు. మోకాలు రుద్దుకున్నాడు.

"ఏప్రిల్‌తో ఆపేస్తాను," అన్నాడు చివరికి. "ముప్పై ఏళ్లు చాలు. మోకాలు ఒప్పుకోవట్లేదు."

చూశారా, నిశ్శబ్దం పనిచేసింది. ఇంకో ప్రశ్న అడిగితే అంత గొప్ప క్షణం పాడైపోతుందని థాంక్స్ చెప్పి పరుగెత్తుకొచ్చాను. అర నిమిషంలో మొదటి వాక్యం తయారైంది: 'మన గ్యారీ ఏప్రిల్‌లో రిటైర్ అవుతున్నారు.' నా రాతలో మొదటిసారి విషయం మొదటి లైన్‌లోనే దొరికిందని లిండా మురిసిపోయి, పంపించేయమంది.

సోమవారం పొద్దున న్యూస్‌లెటర్ వెళ్లింది. పదింటికల్లా ల్యాబ్‌లో ముగ్గురు గ్యారీని కౌగిలించుకున్నారు. పదకొండింటికి కేకు ఏ ఫ్లేవర్ కావాలంటూ అందరికీ మెయిల్. మధ్యాహ్నానికి కిటికీ పక్కనున్న ఆయన సీటు కోసం ఇద్దరు వాదులాడుకుంటున్నారు.

రెండింటికి గ్యారీ నా దగ్గరికొచ్చాడు. కోపంగా లేడు. అందుకే ఎక్కువ భయమేసింది.

"నేను ఆపేస్తానన్నది బౌలింగ్," అన్నాడు. "ప్రతి బుధవారం లీగ్‌లో ఆడతాను. ఉద్యోగం మాట నేనెత్తలేదు."

గోడ మీది ఫోటో అప్పుడు కళ్లముందు కదిలింది. అందులో అందరి చేతుల్లోనూ బంతులున్నాయి, క్రికెట్‌వి కాదు, నేల మీద దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే పెద్ద పెద్ద బౌలింగ్ బంతులు. బ్రేకులు టెస్ట్ చేసేవాళ్లకి అన్ని బంతులెందుకని తట్టలేదండీ నాకు. హెచ్1బీ వీసా మీద ఉండి, నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని ఏడాది పొడుగునా బెంగపడేవాణ్ణి, పోయి పోయి ఇంకొకాయన ఉద్యోగానికి ఎసరు పెట్టాను.

వెంటనే సవరణ పంపిస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్లావిడ డానాకి ఎవరో ఆ న్యూస్‌లెటర్ ఫార్వర్డ్ చేశారట. రిటైరవమని ఐదేళ్లుగా పోరుతున్న ఆవిడ అది చదివి సంతోషంతో ఏడ్చిందట. ముందు ఆవిడకి చెప్పు, ఆఫీసు సంగతి తర్వాత చూద్దామని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"సారీ అండీ, ఆ వార్త తప్పు. ఇప్పుడే సరిచేస్తాను," అన్నాను.

అవతల ఉలుకూ పలుకూ లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక బౌలింగూ మోకాలూ అన్నీ నేనే కక్కేశాను.

"వార్తని ముట్టుకోకు," అంది డానా తీరిగ్గా. "గ్యారీని నేను సరిచేస్తాను. ఫోన్ ఆయనకియ్యి."

ఆయన పది నిమిషాలపాటు ఊఁ కొట్టాడు. ఏప్రిల్‌లో నిజంగానే రిటైరయ్యాడు. రోజంతా ల్యాబ్‌లో నిలబడే పని తప్పాక మోకాలు కుదుటపడిందట. ఇప్పుడు వారానికి మూడు రోజులు బౌలింగ్ ఆడుతున్నాడు.

అంటే, ఆ మనిషి మానేస్తానన్నది మానలేదు, మానేస్తానని అనని ఉద్యోగం మానేశాడు. కాబట్టి పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఎవరైనా నా ముందు 'ఆపేస్తాను' అంటే, 'ఏది?' అని అడగనిదే పెన్ను మూత తియ్యను.