రాని గొడవకు ఆకువక్క

మా ఆయన అక్క చిన్నతాయి నోటికి కడంబూరు చుట్టుపక్కల జడవనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ వదిన పెద్దన్న, అంటే మా బావగారు, రెండు ఊళ్ల కర్రల మధ్య పడి పోయాడు. ఆపేవాళ్లు లేక కాదు. ఆకువక్క పెట్టి పిలవనిదే పరాయి ఊరి తగవులో ఎవడూ కాలు పెట్టకూడదని మాలో ఒక మర్యాద. ఆకుపళ్లెం ఊళ్లన్నీ తిరిగేసరికి పొద్దు గూకింది. అప్పటికే బావగారి ఊపిరి ఆగిపోయింది.

ఏడాది తిరక్కముందే వదిన ఊరిపెద్ద దామోదరసామి వాకిట్లో కూర్చుంది.

"మామా, గొడవ వచ్చినంక ఆకు పంపితే పీనుగును మోసేదానికే వస్తారు. ఇప్పుడే ఇచ్చిపెట్టు. ఊరికి ఇద్దరు, అయిదూళ్లకు పదిమంది. తప్పెట మోగితే పరిగెత్తి రావాల."

"రాని గొడవకు ఆకా? నవ్వుతారు చిన్నతాయీ."

"నవ్వనీ మామా. ఏడ్చింది నేను గదా."

చివరికి మామ పళ్లెం తిప్పాడు. చిత్తిరై నెలలో పదిమందీ, వస్తామన్న మాటకు గుర్తుగా, ఆకువక్క నోట్లో వేసుకున్నారు. ఆ పదిమందిలో తగవుపడ్డ ఊళ్లవాళ్లు ఆ రోజుకు పక్కన ఉండాలి, మిగతావాళ్లు మధ్యలో నిలబడాలి. ఆ షరతులూ వదినవే.

పంతొమ్మిది వందల ముప్పై అయిదో సంవత్సరం ఎండాకాలంలో, ఎరువు కోసం గొర్రెలమందను ముందు ఎవరి నల్లరేగడిలో కట్టాలని మా ఊరూ పక్క ఊరూ ఎదురెదురు నిలిచాయి. మా వరసలో అందరికన్నా ముందు వదిన కొడుకు చెల్లసామి. తప్పెట మోగింది. వదిన గట్టెక్కి దారే చూస్తోంది. అదిగో, దుమ్ము! ఒకడు, ముగ్గురు, ఆరుగురు! వచ్చినవాళ్లు వచ్చినట్టే రెండు వరసల నడుమ చేతులు కలిపి నిలబడ్డారు.

వాళ్లలో పెద్దవాడు మాయాండి రొప్పుతూనే అన్నాడు. "ముందు మమ్మల్ని కొట్టండి. అప్పుడు మూడూళ్లతో తగవు మీకు."

చెల్లసామి కర్ర దించాడు. ఊరికొక వారం మంద కట్టాలని పొద్దు వాలకముందే తేలిపోయింది.

ఆ ఏడే మా ఆయన లక్ష్మణసామి పేపరు చదివి వినిపించాడు. ఇటలీ సైన్యం ఆఫ్రికాలో అబిసీనియా అనే దేశం మీదికి దిగిందట, యాభై దేశాల సంఘం జెనీవాలో మాట్లాడుతోందట.

"ఆకు ముందే తీసుకున్నవాళ్లు లేరా తమ్ముడూ వాళ్లకు?" అంది వదిన.

లేరన్నాడు. ఒక్కో దేశాన్నీ ఇప్పుడే అడుగుతున్నారన్నాడు.

వదిన, సద్ది తాగుతున్న కొడుకు వైపు ఒకసారి చూసింది. "ఆ దేశంలో ఎవరో తల్లి గట్టెక్కి దారి చూస్తా ఉంటాది. కాగితం తీయి. పళ్లెం తిరిగేదాకా పానం ఆగదని ఆ జెనీవా సంఘానికి రాయి."

రాయించింది కూడా.