వకీలు సాబ్ ఓడిపోయిన కేసు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పొలం తగాదా వచ్చినా, బోరు ఎండినా అందరూ శామీర్‌పేట వకీలు సాబ్ దగ్గరికే వెళ్లేవారు. మా బడికి పైకప్పు వేయించింది ఆయనే. పొద్దుటి బస్సు తెప్పించిందీ ఆయనే. ఆయన ముస్లిం. మా అవ్వ, నాయినను కన్నతల్లి, మాత్రం ఆయన్ని ‘కొడుకా’ అనే పిలిచేది.

ఒక ఎండాకాలం మా నాయిన పనిచేసే జీడిమెట్ల రసాయనాల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. నాయినతో పాటు మా ఊరివాళ్లే ఇంకో ఇద్దరు కాలి చనిపోయారు. నాయిన బీడీ ముట్టించడం వల్లే అంటుకుందని యాజమాన్యం చెప్పింది. ఆయనకు బీడీ అలవాటున్న మాట నిజమే. ఊరు నమ్మేసింది. అవ్వ బోరింగు దగ్గరికి వెళ్తే ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు.

నాయిన మీద పడ్డ నింద తుడవాలని వకీలు సాబ్ కేసు వేశారు. ఫ్యాక్టరీలో రసాయనం పైపు కారుతోందని ముందే మొత్తుకున్న పనివాళ్లు, ఉద్యోగాలు పోతాయన్న భయంతో కోర్టుకు రాలేదు. కేసు పోయింది.

ఆ సాయంత్రం ఆయన నల్లకోటుతోనే మా ఇంటికి వచ్చారు. గుమాస్తాతో కబురు పంపితే సరిపోయేది. మంచం వాల్చినా దాని మీద కాకుండా అవ్వ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. వాకిట్లో జనం మూగారు.

“ఓడిపోయినం అవ్వా.”

అవ్వ ఏడవలేదు. “అంటే, నా కొడుకే చంపిండా వాళ్లను?” అంది.

“లేదు. పైపు కారుతాందని కంపెనీకి ఎరుకే. నేనే రుజువు చెయ్యలేకపోయిన. తప్పు నాది, నీ కొడుకుది కాదు,” అన్నారు, వాకిట్లోకి వినపడేలా.

నాకు ఒళ్లు మండిపోయింది. “మరి ఎందుకొచ్చినవ్?” అన్నాను.

అవ్వ కసిరింది. ఆయన వారించారు. “ఇంకొకళ్లు చెప్తే ఎవర్ని అడుగుతవ్ బిడ్డా? నేనైతే ఎదురుంగ ఉన్న. అడుగు, తిట్టు.”

అప్పుడు అవ్వ మొదలుపెట్టింది. గొంతు పోయేదాకా తిట్టింది. ఆయన తలవంచుకుని అంతా విని, అవ్వ ఊరుకున్నాకే లేచారు. ఊరు మాత్రం మారలేదు. నాయినతో పాటు పోయిన ఆ ఇద్దరి ఇళ్లవాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

మొన్న వకీలు సాబ్ పోయారు. మేడ్చల్‌లో జరిగిన సంతాప సభలో అందరూ ఆయన గెలిచిన కేసులే తలుచుకున్నారు. నేను మైకు ముందుకు వెళ్లలేదు.

ఆసుపత్రిలో నర్సుగా నా జీవితమంతా గడిచింది. మనిషి పోయాడన్న మాట ఏనాడూ వార్డుబాయ్‌తో చెప్పించలేదు. నేనే వెళ్లి, పోయినవాళ్ల ఇంటివాళ్ల పక్కన కూర్చుని చెప్పేదాన్ని. వాళ్లు ఏడ్చినా, నన్నే తిట్టిపోసినా, వాళ్లంతట వాళ్లు ఊరుకునేదాకా అక్కడి నుంచి లేచేదాన్ని కాదు.