గోలు కాడి వరమ్మ

నందికొట్కూరు మిషను బడిలో ప్రార్థన గంట కొట్టకముందే, అక్కడే ఉండి చదువుకునే వరమ్మ వంటింటికి వచ్చి, ఉప్పు వేసిన వేన్నీళ్లలో రెండు చేతులూ ముంచుకుని కూర్చునేది. చేతిబంతి ఆటలో గోలు కాచేది ఆమే. మూడేళ్లుగా పందెం కప్పు ఆ బడి దాటి పోలేదంటే ఆ చేతుల చలవే. బంతి తగిలి వాచిన వేళ్లకు కాపడం కావాలి కదా! వంటమనిషి ఓబులమ్మ రోజూ తాను వేలు పెట్టి చూసి మరీ నీళ్లిచ్చేది. కడపలో పందెం నాలుగు రోజులుందనగా, పొయ్యి మీది నుంచి దించిన నీళ్లలో చన్నీళ్లు కలపకముందే వరమ్మ చేతులు ముంచేసింది. కుడిచెయ్యి చటుక్కున లాక్కుంది. ఎడమచెయ్యి అందులోనే ఉండిపోయింది.

"మేయ్, తియ్యి! కాల్తాండేది తెలీలేదా?" అని అరిచింది ఓబులమ్మ.

తెలియలేదు. బొబ్బలెక్కిన వేళ్లకు పైన, మణికట్టు మీద చింతగింజంత పాలిపోయిన మచ్చ. ఓబులమ్మ తమ్ముడికీ మొదట అట్లాంటిదే లేచింది. కుష్టు ఆసుపత్రికి పోయినవాడు మళ్లీ ఇంటి ముఖం చూడలేదు; అది వరమ్మకూ తెలిసిన సంగతే. ఆమె ఆ చేతినే ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసింది.

"నెలాయెనక్కా, బంతి ఎంత గట్టిగా తగిలినా ఈ చెయ్యి నొయ్యదు. దేవుడు బలమిచ్చినాడనుకుంటి," అంది వరమ్మ. "బడి దొరసానమ్మకు నేనే చెప్తా. నువ్వొక సాయం చెయ్యి. ఈ పొద్దు నుంచే నా చెంబూ, అన్నం తినే తట్టా వేరే పెట్టు. పిల్లోళ్లు అడిగితే, కప్పులు గెలిచి వరమ్మకు పొగరెక్కిందని చెప్పక్కా."