ఖలీల్ సార్ అప్పీలు

నిన్న నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణంలో వైరు కాలింది. ఆ వాసనకు ముందు ఖలీల్ సార్ గుర్తొచ్చారు, వెంటనే భయం వేసింది. ఆ దుకాణం మీద, ఎప్పుడూ ఏదో ఒక వైరు కాలే గదిలోనే ఆయన నాకు కంప్యూటర్ నేర్పారు. అక్కడ ఒక నియమం ఉండేది: ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా మిగతావాళ్లందరూ గోడవైపు తిరగాలి. పుణెకు పనికి పోయిన భర్తలు పంపిన డబ్బు చూసుకోవడానికి కంగ్టి నుంచి ఆడవాళ్లు వస్తే సార్ కూడా తిరిగేవారు. "అంత దాచేదేముంది సార్?" అని ఒకసారి నవ్వాను. "తానం చేసేటప్పుడు తలుపు పెట్టుకుంటవ్ గద బిడ్డా, లోపల ఏం దొంగతనం చేస్తున్నవ్?" అన్నారు. గదంతా నవ్వింది.

ఆ నియమాన్నే ఆయన ప్రోగ్రాముగా రాశారు. క్రిప్టో డబ్బు ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో బయటివాళ్లకు కనిపించకుండా చేస్తుందది. ఎవరైనా వాడుకొమ్మని ఉచితంగా నెట్‌లో పెట్టారు. అందులో కొన్ని తప్పులు నేను సరిదిద్దాను. ఎక్కడో ఎవరో దొంగసొమ్మును దాని గుండా దాటించారు. పోలీసులు సార్‌ను పట్టుకెళ్లారు.

కోర్టుకు నన్ను సాక్షిగా పిలిచారు. "పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మిమ్మల్ని గోడవైపు తిప్పేవాడా?" అని ప్రభుత్వ వకీలు అడిగాడు. "అవును, ఎందుకంటే..." అన్నాను. "అవునన్నారు, చాలు," అని కూర్చున్నాడు. తీర్పులో ఆ అలవాటే నేరబుద్ధికి గుర్తయింది. శిక్ష పడింది. అప్పీలు వేసి, బెయిలు మీద బయటికొచ్చిన సార్ నన్ను చూసి, "నిజమే చెప్పినవ్ గద, గా ఏడుపు మొఖం ఏంది? పా, చాయ్ తాగుదాం," అన్నారు.

అప్పీలు విచారణకు రాకముందే ఆయన గుండె ఆగిపోయింది. మనిషి పోయినా నేరస్థుడన్న మాట పోలేదు. కుటుంబం గడువులోపు అడిగితే అప్పీలు కొనసాగుతుందని సార్ తరఫు వకీలు చెప్పారు. సార్ భార్య షహనాజ్ ఆపా అడిగింది, కోర్టు ఒప్పుకుంది. ఆ ప్రోగ్రాము ఎవరి డబ్బునూ తన దగ్గర ఉంచుకోదని, ఒకసారి నెట్‌లోకి వదిలాక రాసినవాడు కూడా దాన్ని ఆపలేడని తెలిసినవాళ్లెవరైనా ప్రమాణపత్రం ఇవ్వాలి. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

నా భయాలకు వరుస ఉంది. పోలీసులు నన్నూ కేసులో చేర్చవచ్చు. ఉద్యోగం పోవచ్చు. అమ్మ వీధిలోకి రాలేకపోవచ్చు. అన్నిటికన్నా పెద్దది, నేను చెప్పే నిజం మళ్లీ సార్‌కే ఎదురుతిరగవచ్చు.

"పరేషాన్ గాకు. భయమైతే వద్దు," అంది ఆపా. "గాయన ఉంటే నిన్ను గీ దిక్కే రానియ్యకపోతుండె."

"ఉంటే నేను ఆయన మాట వింటుంటినా ఆపా?" అన్నాను. ఆమె చాలా రోజుల తరువాత నవ్వింది.

మొన్న సంతకం చేశాను. ఆ తప్పులు సరిదిద్దింది నేనేనని కూడా రాయించాను, వకీలు వద్దన్నా వినలేదు. వాయిదా ఇంకా రాలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే పోలీసులేమో అనిపిస్తోంది. అయినా ఎత్తుతున్నాను. ఎత్తి, ముందు నా పేరు చెబుతున్నాను.