బాపు మానేసిన మందు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండే రెండు మాటల అబద్ధం. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో, మీకైతే మొదటి నుంచీ చెప్పగలననిపిస్తోంది.

మా బాపు బస్సు డ్రైవరు. మహారాష్ట్రలో నాందేడ్ నుంచి నాయగావ్, నర్సీ, బిలోలి మీదుగా కుండల్‌వాడికి ఏళ్ల తరబడి అదే దారిలో నడిపాడు. వయసులో ఉన్నప్పుడు బాగా తాగేవాడు. డ్యూటీ దిగాక దేశీ సారా దుకాణం దగ్గర ఆగకుండా ఇంటికొచ్చిన రోజు లేదని అమ్మ చెప్పేది. ఒక పొద్దున కుండల్‌వాడిలో బస్సెక్కబోయిన ఒక ముసలామె మెట్టు మీదే ఆగిపోయిందట. బాపు దగ్గర ఇంకా రాత్రి తాగిన వాసన పోలేదు. “నీ బండి నేనెక్క కొడుకా” అని దిగి, సంచి చంకన పెట్టుకుని జీపు కోసం నిలబడిందట. తిట్టలేదు, నలుగురిని పిలవలేదు. బాపు ఇంజిన్ ఆపేశాడు. తాళం కండక్టర్ చేతిలో పెట్టి, తాగి ఉన్నానని డిపోకు తనే చెప్పించి, ఇంకో డ్రైవర్ వచ్చేదాకా ఆ ఎండలో కూర్చున్నాడు. పై వాళ్లు వేసిన శిక్షకు ఎదురు మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ముప్పై ఒక్క ఏళ్లు చుక్క ముట్టలేదు. దేవుడి మీద ఒట్టు లేదు, మాల వేసుకున్నది లేదు. ఊరికే మానేశాడు. అమ్మ పోయిన పదకొండో నాడు చుట్టాలంతా తాగుతూ కూర్చుంటే, బాపు వాళ్లకు మంచినీళ్లు అందిస్తూ తిరిగాడు. అంత గట్టి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

డెబ్భై దాటాక మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు పేర్లు పోయాయి. తర్వాత ఏళ్లకు ఏళ్లే పోయాయి, అదీ దగ్గరివి ముందు. అమ్మ పోయిందని మరిచాడు, రిటైరయ్యానని మరిచాడు. చివరికి తాగుడు మానేశానన్నదీ మరిచాడు. సాయంత్రం ఐదయ్యేసరికి చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడేవాడు. డ్యూటీ అయిపోయింది, దుకాణానికి పోవాలి అనేవాడు. అడ్డం పోతే చెయ్యెత్తేవాడు.

అన్న భోకర్ మార్కెట్ పని చూసుకుని ఇంటికొచ్చేసరికి చీకటి పడేది. బాపును చూసుకున్నది వదిన. ఏడో తరగతి చదివిన మనిషి. ఎవరు నేర్పారో ఆమెకు ఆ ఉపాయం! బాపును వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, తను వెనక చిన్న పీట మీద కూర్చుని, నర్సీలో బస్సు ఎంతసేపు ఆగుతుంది మామా అని అడిగేది. బిలోలి ఎప్పుడొస్తుందని అడిగేది. బాపు ఒక్కో ఊరూ చెప్పుకుంటూ పోయేవాడు. కుండల్‌వాడి చేరేసరికి దుకాణం సంగతి మరిచిపోయేవాడు. రోజూ గంటసేపు, రెండేళ్లు. ఒక్కరోజు కూడా ఆమె విసుక్కోగా నేను వినలేదు.

ఒకసారి అన్న అన్నాడు, ఇంకెన్నాళ్లుంటాడు, కొంచెం పోస్తే ఏం పోతుందని. ఆ జబ్బుకు వేసే మాత్రల మీద చుక్క పడినా కాళ్లు తూలి పడిపోతాడని డాక్టర్ ముందే హెచ్చరించాడు. వదిన డాక్టర్ మాట ఎత్తలేదు.

“ఆయన ఇడ్సిపెట్టిన సంగతి ఆయన మర్సిండు. మనం మర్సిపోలే గదా” అంది.

అన్న మళ్లీ ఆ మాట అనలేదు. నేనూ విన్నాను ఆ మాట. విని కూడా చేశాను.

వదిన వాళ్లమ్మకు బాగాలేదని తొమ్మిది రోజులు సగరోళి వెళ్లింది. నేను జిరాక్స్ దుకాణం మూసి బాపు దగ్గర ఉన్నాను. మూడు సాయంత్రాలు ఊళ్ల పేర్లు అడిగి చూశాను. నా బస్సు కదలలేదు. వదిన అడిగితే పలికేవాడు, నేనడిగితే నా ముఖం చూసి ఎవరు నువ్వనేవాడు. మూడో రోజు చెంప మీద కొట్టాడు. నాలుగో రోజు సీసా తెచ్చాను. స్టీలు గ్లాసులో పోసి, నీళ్లు కలిపి చేతికిచ్చాను.

బాపు గ్లాసు ఎత్తి వాసన చూశాడు. తాగలేదు. ఒళ్లో పెట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు.

“నేను ఇడ్సిపెట్టిన గద, చిన్నోడా?”

ఆరు నెలల్లో నన్ను గుర్తుపట్టింది అదే మొదటిసారి. ఆ జబ్బు అన్నీ తీసుకుపోయినా, ఆ ఒక్కటి ఎక్కడో అడుగున పట్టుకుని ఉన్నాడు. ఖాయం చేసుకోవడానికి నన్నడిగాడు. అవును బాపూ అంటే సరిపోయేది. గ్లాసు నా చేతికే ఇచ్చేవాడేమో.

“లేదు. తాగు” అన్నాను.

“అట్లనా” అన్నాడు. కొడుకు చెప్పాడు కదా అన్నట్టు తాగాడు.

ఆ సాయంత్రం బాపు నవ్వాడు. బస్సులో ఎవరో కోడిపుంజుకు టికెట్ అడిగిన కథ చెప్పాడు. ఆ సంతోషం అబద్ధమని ఎట్లా అనను? ఆయన కోసమే చేశానని అప్పుడు అనుకున్నాను. కానీ ఆయన నిద్రపోయాక నేను హాయిగా అన్నం తిన్నాను, టీవీ చూశాను. మరి ఎవరి కోసం పోసినట్టు?

వదిన వచ్చాక కూడా మానలేదు. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు చాటుగా ఇచ్చి, వాసన రాకుండా సోంపు నమిలించేవాణ్ణి. మామ నీ దగ్గర మంచిగుంటున్నాడని ఆమె నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు తీసుకున్నాను.

పోయడం మొదలుపెట్టిన పందొమ్మిదో సాయంత్రం బాపు బాత్రూంలో పడ్డాడు. తుంటి విరిగింది. దవాఖానాలో డాక్టర్, ఏమైనా తాగాడా అని అడిగాడు. లేదంది వదిన. ఆమెకు తెలిసినంతలో అది నిజమే. మధ్యాహ్నం తనే బాత్రూం నేల కడిగానని, తడి ఆరలేదేమోనని ఏడ్చింది. ఎక్స్‌రే కవరు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

బాపు మంచం మీద నాలుగు నెలలుండి పోయాడు. ఆ నాలుగు నెలలూ ఆయన్ను పక్కకు తిప్పింది, ఒళ్లు తుడిచింది వదినే. దినాలకు వచ్చిన చుట్టాలు, ఈ కోడలే నేల తడిగా వదిలేసిందట అని ఆమెకు వినపడేలాగే అనుకున్నారు. ఆమె తల వంచుకుని వడ్డించింది.

తాగకపోయినా పడేవాడేమో. ఆ ‘ఏమో’ చాటున ఆరేళ్లు దాక్కున్నాను. కానీ ఆయన నన్ను అడిగిన ప్రశ్నకు జవాబులో ఏ ‘ఏమో’ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన కూడబెట్టుకున్న గౌరవం అది. నన్ను నమ్మి అడిగితే, లేదన్నాను.

మొన్న వదిన తన కూతురితో అంటుంటే విన్నాను, నేల తడి ఉంచకు బిడ్డా, మీ తాతను నేనే పడగొట్టుకున్నానని. ఇక ఉండలేకపోయాను. నిన్న ఆమె కందిపప్పు చేటలో పోసుకుని ఏరుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. గ్లాసు, బాపు అడిగింది, నేనన్నది, డాక్టర్ ముందు నా మౌనం.

ఆమె ఏడవలేదు. చేతులు మాత్రం ఆగాయి.

“ఎన్ని దినాలు పోసినవ్?”

పందొమ్మిది అన్నాను. చేట అక్కడే వదిలి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. సాయంత్రం బయటికి వచ్చి కూతురిని పిలిచింది. నా ముందే చెప్పింది.

“మీ తాత నా తడికి పడలే, బిడ్డా.”

నా పేరు ఎత్తలేదు. అప్పటి నుంచి నాతో ఒక్క మాట లేదు. మాట్లాడుతుందో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు, అడగను కూడా. బరువు దిగిందని మీతో అబద్ధం ఆడను. ఇన్నాళ్లూ ఆ నిందను ఆమె మోసింది. ఇప్పుడు అది నా దగ్గరికి వచ్చింది. నాదైనదాన్ని నేను మోస్తున్నాను, అంతే. అయినా, ఆరేళ్ల తర్వాత ఊపిరి ఆడుతోంది.