ఎత్తిన చెయ్యి

మా బాబాయిని నీటి దళంవాళ్లు ఒక్క అరుపుతో బయటికి పంపేశారు. అప్పటికే ఆయన కొండ దళంలో మంచి పేరున్న సిపాయి. రెండూ సైన్యంలో ఏరి కోరి ఎంచుకున్న మనుషుల దళాలే అయినా, నీటి దళంలో చోటు దొరకడం ఇంకా కష్టం. ఎంపిక శిక్షణలో ఒకరోజు అందరినీ లోతైన కొలనులోకి దింపారు. భుజాన బరువుతో, కాళ్లకు నేల అందని నీళ్లలో, నోరు మెదపకుండా తేలుతూ ఉండాలి. బాబాయి పక్కనున్నవాడు చప్పుడు లేకుండా మునిగిపోయాడు. బాబాయి చెయ్యెత్తాడు.

కొండ దళంలో చెయ్యెత్తితే 'ఆగండి, మనవాడొకడు జారాడు' అని అర్థం. కొండల్లో గాలి హోరుకు అరుపులు వినబడవు కాబట్టి అక్కడ అన్నిటికంటే ముందు నేర్పే సైగ అది. నీటి దళంలో చెయ్యెత్తితే 'నావల్ల కాదు, నన్ను పంపేయండి' అని అర్థం. ఆ సంగతి పొద్దున్నే చెప్పారు కూడా. కానీ ఏళ్ల తరబడి తాడు పట్టిన చెయ్యి అది, మెదడును అడక్కుండానే లేచింది.

"ఒకడు అవుట్!" అని గట్టు మీది శిక్షకుడు అరిచాడు. బాబాయిని లాగడానికి దిగినవాళ్ల కాలికి ఆ మునిగినవాడు తగిలాడు. వాణ్ని బయటికి తీసి, నీళ్లు కక్కించి, విశ్రాంతినిచ్చి మళ్లీ శిక్షణలో చేర్చుకున్నారు. బాబాయిని లారీ ఎక్కించారు. "వాడి కోసం ఎత్తాను సార్" అంటే, "ఇక్కడ చెయ్యెత్తితే ఒకటే అర్థం" అన్నాడట ఆ శిక్షకుడు. బతికి బయటపడ్డ పెద్దమనిషి నోరు విప్పలేదు.

పైగా మన భాష కూడా ఆయన మీద పగబట్టినట్టుంది. చేతులెత్తేయడమంటే ఓడిపోవడమే కదా! సైన్యం వదిలి ఊరికొచ్చాక, మంగలి షాపు ముందు క్యారమ్స్‌లో ఓడినప్పుడల్లా, "ఏం బాబాయ్, మళ్లీ చేతులెత్తేశావా?" అనేవాళ్లు. "ఎత్తింది ఒక్కటేరా, లెక్క సరిగ్గా చెప్పండి" అని ఆయనే అందరికంటే ముందు నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఈతకొలనులో ఆయనకు పని దొరికింది. పిల్లలకు ఈత నేర్పాలి, మునిగేవాళ్లను తీయాలి. ఆయన పాఠం చేతులు కాళ్లు ఆడించడంతో మొదలు కాదు. నడుము లోతు నీళ్లలో అందరినీ నిలబెట్టి ముందు చెయ్యెత్తడం నేర్పుతాడు. పిల్లలకు అది ఆటైపోయింది. మోకాలి లోతులో నిలబడి కూడా చెయ్యెత్తి ఇకిలించేవాళ్లు. బాబాయి ప్రతిసారీ బట్టలతోనే దూకేవాడు.

"మీ ప్యాంట్లు ఆరేసి ఆరేసి దండెం తెగింది" అని పిన్ని విసుక్కునేది. "ఆటకు ఎత్తారో, ప్రాణం మీదికొచ్చి ఎత్తారో చూసి దూకచ్చుగా?"

"చూసేలోపు అయిపోతుందే" అనేవాడు.

వాళ్లమ్మాయి, అంటే నా చెల్లి, ఆ కొలనులోనే పెరిగింది. బడిలో జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు. ఎత్తితే "నాన్న పోలికే" అని వెనక బెంచీలో నవ్వులు. నిలబెట్టి అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పేది. పెద్దయ్యాక సైన్యంలో చేరింది. నీటి దళంలోకి ఆడపిల్లల్ని తీసుకుంటారని తెలియగానే పేరిచ్చేసింది. నాకు పండగే. ఆ దళం ముఖం మీద కొట్టినట్టుంటుందనుకున్నాను.

బయలుదేరే రోజు బస్సు పక్కన నిలబడి బాబాయి ఒక్కమాటే చెప్పాడు.

"ఊపిరి అందకపోతే చెయ్యెత్తమ్మా."

"ఎత్తను నాన్నా. ఆ పని మనింట్లో ఒకసారి అయిపోయింది."

బస్సు వెళ్లిపోయాక కూడా ఆయన అక్కడే నిలబడ్డాడు.

అప్పట్లో నేను పాత పుస్తకాల దుకాణంలో దొరికిన సైనిక పుస్తకాలన్నీ చదువుతుండేవాణ్ని. కాలక్షేపంగా ఉంటుందని కొలను గట్టున కూర్చుని బాబాయికి వినిపించేవాణ్ని. ఏ దళం ఎక్కువ, ఏది తక్కువ అని మా వాదన. ఒక దళంలో నడక ఎంత దూరమో చెప్పరు. గమ్యం చేరామనుకున్న చోట లారీ కళ్ల ముందే కదిలి వెళ్లిపోతుంది, మళ్లీ నడవాలి. మరో దళంలో ఎవరూ అరవరు. చలిలో వణుకుతున్నవాడి పక్కన కుర్చీ వేసుకుని, "ఇంటికి వెళ్తావా? వేణ్నీళ్లున్నాయి" అని మెల్లగా అడుగుతుంటారు. నాకు ఒళ్లు గగుర్పొడిచేది. బాబాయి ప్రశ్నలు వేరు.

"లారీ వెళ్లిపోయింది సరే, వెనకబడ్డవాణ్ని ఎవరు తీసుకొచ్చారు?"

"అది రాయలేదు బాబాయ్."

"రాయరు."

ఒక పుస్తకంలో ఎవరో అధికారి గొప్పగా చెప్పిన మాట ఉంది: 'నీటి అడుగున స్పృహ తప్పినా సరే, చెయ్యెత్తనివాడే మాకు కావాలి.' బాబాయి కళ్లజోడు తీశాడు.

"అది ఇంకోసారి చదువు."

చదివాను.

"చెల్లి చూసిందా ఈ పుస్తకం?"

"చూసింది బాబాయ్. ఆ మాట కింద గీత కూడా గీసుకుంది."

ఆ తర్వాత ఆయన నన్ను చదవమనలేదు. ఫోన్‌ను ప్లాస్టిక్ కవరులో కట్టి మెడలో వేసుకుని నీళ్లలోకి దిగేవాడు. అన్నం కెలికి లేచేవాడు. "పిల్ల నెగ్గుతుందో లేదోనని దిగులా?" అని పిన్ని అడిగితే, "నెగ్గుతుందనే నా భయం" అన్నాడు. అప్పటిదాకా చెల్లి గెలుపును నాది చేసుకుని తిరుగుతున్న నేను, ఆ మాట విన్నాక ఆ పుస్తకాలు పక్కన పెట్టేశాను.

ఒక మధ్యాహ్నం కొలను నిండా పిల్లలుండగా ఆ ఫోన్ మోగింది. పేరు చూశాడు. ఎత్తలేదు. ముందు ఈల ఊది పిల్లలందరినీ గట్టెక్కించాడు. ఆఖరివాడు బయటికొచ్చేదాకా అది మోగుతూనే ఉంది. అప్పుడు తడి గచ్చు మీద చతికిలబడి స్పీకర్ నొక్కాడు.

"నాన్నా..." అంది చెల్లి. కాసేపు ఏడుపే వినిపించింది. "అడుగున తాడుకు ముడి వేస్తుంటే కళ్లు చీకట్లు కమ్మాయి. ఎత్తేశాను నాన్నా. చెయ్యెత్తేశాను."

"ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోందా?"

"ఆడుతోంది."

"దగ్గుందా? ఛాతీలో నొప్పి?"

"ఏం లేదు. ఇప్పుడు వాళ్లు గట్టు మీద ఉండరు నాన్నా, నీళ్లలో పక్కనే ఉంటారు. నా చెయ్యి పూర్తిగా లేవకముందే పట్టుకున్నారు. కావాలంటే వచ్చే ఏడాది మళ్లీ రమ్మన్నారు. కానీ... నీ పరువు తీశాను."

"నా పరువు ఎప్పుడో పోయిందిలేవే! నువ్వున్నావు. ఇంటికి రా" అన్నాడు బాబాయి. అని, గచ్చు మీద అలాగే వెల్లకిలా పడుకుని పకపకా నవ్వాడు. చుట్టూ తడి పిల్లలు, ఏం జరిగిందో తెలియకపోయినా వాళ్లూ నవ్వారు. నీటి దళం మీద నేను పోగేసుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. నేనూ వాళ్ల పక్కనే కూలబడ్డాను. హాయిగా ఉంది.

చివరిసారి ఆయన్ను కలిసింది నేను వేరే ఊళ్లో పనికి వెళ్లే ముందు. సెలవు మీద వచ్చిన చెల్లి లోతు వైపు గట్టున కాపలా కూర్చుంది. బాబాయి పొడి బట్టల్లో, తల దువ్వుకుని ఉన్నాడు. "ఇన్నాళ్లూ తేల్చలేదు. కొండ దళమా, నీటి దళమా, ఏది గొప్ప? ఇవాళైనా చెప్పు బాబాయ్" అన్నాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. అంతలో నడుము లోతు నీళ్లలో ఒక బుడ్డోడు చెయ్యెత్తి పళ్లికిలించాడు. అటునుంచి చెల్లి, ఇటునుంచి బాబాయి ఒకేసారి దూకారు. వాణ్ని చెరో రెక్కా పట్టి గట్టెక్కించాక, చొక్కా పిండుకుంటూ బాబాయి నా దగ్గరికొచ్చాడు.

"ఏదో అడిగావు కదరా... సరేగానీ, ముందా తువ్వాలు ఇలా పారెయ్. ఇంటికెళ్తే మీ పిన్నికి మాత్రం చెప్పకు, ఇది కొత్త ప్యాంటు."